దుప్పటి చూసిన సినిమా

కాలేజీలో ఆ పిల్లని అందరూ ‘దుప్పటి’ అంటారు. అమ్మానాన్నా పెట్టిన పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా రాదు.

కారణం లేకపోలేదు. కిందటి సెలవుల్లో స్నేహితురాలి ఇంట్లో అందరూ చేరి, ముసుగువాడు కత్తి పట్టుకుని కుర్రకారు వెంటపడే సినిమా ఒకటి పెట్టుకున్నారు. ఇంకా కత్తీ రాలేదు, ముసుగూ రాలేదు. వాన పడుతోంది, వీధి దీపం ఆరుతూ వెలుగుతోంది. అంతే, ఈ పిల్ల దుప్పట్లో దూరింది. సినిమా అయిపోయి, అందరూ తినేసి చేతులు కడుక్కున్నా బయటికి రాలేదు.

ఆ పేరు వదిలించుకోవాలంటే ఒకటే దారి. కాలేజీ సినిమా క్లబ్బులో చేరాలి. ఆ క్లబ్బు వాళ్లకి ఇలాంటి సినిమాలంటే పిచ్చి. కథేంటని మాత్రం వాళ్లని అడక్కూడదు. “కథెవడిక్కావాలి? మూడ్ చూడు, వాతావరణం చూడు!” అని మీద పడతారు. చేరాలనుకునేవాళ్లు ఊళ్లో ఆడుతున్న కొత్త సినిమా చూసొచ్చి, దాని వాతావరణం గురించి అందరి ముందూ మాట్లాడాలి. ఈసారి ఆ సినిమా తీసిన దర్శకుడే వస్తున్నాడట. బాగా మాట్లాడితే సభ్యత్వం. లేకపోతే చదువయ్యేదాకా దుప్పటే.

“ఒక్కదాన్నే వెళ్తే హాల్లోనే చచ్చిపోతానమ్మా,” అంది పిల్ల ఏడుపు గొంతుతో.

“నాకు ఆఫీసుంది. తాతయ్యని తీసుకెళ్లు,” అంది వాళ్లమ్మ. అన్నాక ఏం తోచిందో ఏమో, పొట్ట పట్టుకుని నవ్వింది. “ఈ సినిమాకి మీకంటే మంచి జోడీ దొరకదే!”

తాతయ్యంటే అమ్మకి నాన్న. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. చీకటంటే లెక్కే లేని మనిషి. పొద్దుపోయినా గదిలో లైటు వేసుకోడు. మనవరాలికేమో ఆ గదిలో అడుగుపెట్టాలంటే గుండె దడ. గుమ్మంలో నిలబడే కేకేస్తుంది.

“చీకటికి భయమేంటే పిచ్చిదానా?” అని లోపల్నించి నవ్వుతాడు.

మ్యాట్నీకి బయల్దేరారు. బస్సు దిగేసరికే ఆలస్యమైంది. హాల్లో దీపాలార్పేశారు. లేటుగా వచ్చినవాళ్లు ఒకళ్ల కాళ్లు ఒకళ్లు తొక్కుకుంటూ తిట్లు తింటున్నారు. టికెట్ చించినవాడు “నాలుగో వరస” అన్నాడు, తాతయ్యకి అది చాలు. కుర్చీల వీపుల మీద చెయ్యి వేసుకుంటూ, మనవరాలి చెయ్యి పట్టుకుని చక్కా వెళ్లి కూర్చున్నాడు.

పేర్లు పడుతుండగానే పిల్ల రెండు చేతులతో కళ్లు మూసేసుకుంది.

“తాతయ్యా, ఏమవుతోంది?”

“ఇంకా ఏం కాలేదు. పాత ఇల్లు. చెక్క మెట్లు. ఆ అమ్మాయి చెప్పులు విప్పేసి ఎక్కుతోంది.”

“వాడొచ్చాడా?”

“రాలేదు. రాకపోవడమే భయం. కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి, విను.”

పిల్ల వేళ్లు ఇంకా బిగించింది.

“ఇప్పుడో?”

“నీళ్ల ఒడ్డున నిలబడ్డారు. పొగమంచు కమ్మేసింది. పక్కవాడి మాట కూడా దుప్పట్లోంచి వచ్చినట్టుంది.”

“ఆ దుప్పటి మాటెత్తకు తాతయ్యా!”

“సరే, పరుపులోంచి.”

ముందు వరసలో ఎవరో “ష్!” అన్నారు.

సినిమా అంతా ఇదే వరస. హాలు కెవ్వుమన్నప్పుడల్లా తాతయ్య మనవరాలి వీపు నిమిరాడు. “అరుపొచ్చిందంటే గండం గడిచినట్టే. దాని ముందుండే నిశ్శబ్దమే పాపిష్టిది,” అన్నాడు.

సభ రోజు క్లబ్బు గది కిటకిటలాడింది. దర్శకుడు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పిల్ల ధైర్యానికని తాతయ్యని కూడా తెచ్చుకుని వెనక కుర్చీలో కూర్చోబెట్టింది. ఎందుకైనా మంచిదని తలుపు దగ్గరే.

వేదికెక్కి తడబడుతూనే మొదలుపెట్టింది.

“ఈ సినిమాలో భయం కత్తిలో లేదు. కత్తి రాకముందు ఉంది. చెప్పులు విప్పేసిన పాదాల్లో ఉంది. కీచురాళ్లు ఆగిపోవడంలో ఉంది.” గొంతు కుదుటపడింది. “ఇక ఆ పొగమంచు! అది కమ్మగానే పక్కనున్న మనిషి కూడా ఎక్కడో దూరంగా ఉన్నట్టుంటాడు. రెండు రోజుల్నించీ నాకు నిద్ర లేదు. కళ్లు మూస్తే చాలు, ఆ మంచే.”

చివరి ముక్క మాత్రం అక్షరాలా నిజం.

దర్శకుడు ఉలిక్కిపడ్డాడు. పొగమంచా? మంచు పుట్టించే యంత్రం మొదటి రోజే చెడిపోతే, ఆ సీనంతా పిండారబోసినట్టున్న వెన్నెల్లోనే చుట్టేశాడు. ఆ మాట చెప్పబోయేలోపే చప్పట్లు మోగిపోయాయి.

“నేనెప్పట్నించో మొత్తుకుంటున్నా! సినిమా ప్రాణమంతా ఆ మంచులోనే ఉంది,” అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు. ఆ సినిమా నాలుగుసార్లు చూశాడాయన.

“అబ్బ, ఏం మంచు! నాకు హాల్లోనే చలేసింది,” అంది కార్యదర్శి.

వీళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది! దర్శకుడు అటు చూశాడు, ఇటు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

“ఆ మంచు అందరికీ కనబడదు. కావాలనే అలా తీశాను.”

అధ్యక్షుడు పిల్లని అసలు పేరుతో పిలిచి మరీ సభ్యత్వం కార్డు చేతిలో పెట్టాడు. ఆ పేరు వినగానే పిల్లకి ఏడుపొచ్చేసింది.

“సినిమా ఇలా చూడ్డం నీకెవరు నేర్పారమ్మా?” అన్నాడు దర్శకుడు.

“మా తాతయ్య సార్. పక్కన కూర్చుని సీను సీనూ ఆయనే చెప్పారు. అదుగో, వెనకున్నారు.”

“ఓహో! నా సినిమాలకి అలాంటి కళ్లే కావాలి! పెద్దాయనా, ఒక్కసారి వేదిక మీదికి రండి, మీతో చెయ్యి కలపాలి!”

గదంతా వెనక్కి తిరిగి చూస్తుంటే, తాతయ్య మొహమాటపడుతూ లేచి, “మెట్లెటున్నాయే తల్లీ?” అని మనవరాలిని కేకేసి, సంచిలోంచి తన తెల్ల కర్ర తీసి మడతలు విప్పుకున్నాడు.