బిడ్డెత్తు బెల్లం

“కాంట మీద నిలబడు బిడ్డా,” అంది ప్రేమలత. కూతురికి నెలసరి సరిగ్గా రావాలని, బిడ్డ బరువంత బెల్లం మేడారంలో సమర్పిస్తానని మొక్కుకుంది.

మౌనిక నిలబడింది. బెల్లం దుకాణం సేటు ముల్లు చూసి, “పోయిన నెల జోకినప్పుడు చూసినంత బెల్లం అక్కెర లేదక్కా. బిడ్డ మస్తు తగ్గింది,” అన్నాడు.

మౌనిక మురిసిపోయింది. ప్రేమలత కూతురి చెయ్యి పట్టుకుంది.

“పొద్దున ఏం తిన్నవే?”

“ఏం తినలే.”

“రాత్రి?”

“నీళ్లు తాగిన. పీసీఓఎస్‌కు బరువు తగ్గాలన్నది గద డాక్టరమ్మ?”

“భద్రకాళి చెరువు కట్ట మీద నడువుమన్నది. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తినుమన్నది. కడుపు మాడ్చుకొమ్మన్నదా?”

ప్రేమలత చూపు కూతురి గడ్డం మీద మొలిచిన వెంట్రుకల దగ్గర ఆగింది.

“మా రాజక్కకు గిట్లనే గడ్డం మొలిచింది. నెలసరి ఆగింది, ఒళ్లొచ్చింది. దయ్యం పట్టిందన్నరు. తిండి పెట్టకుంటే పోతదన్నరు.”

“పెద్దమ్మ జరమొచ్చి సచ్చిపోయిందన్నవ్ గద?”

“అందరికీ గట్లనే చెప్పుకున్నం. మిరపకాయలు జోకే కాంట మీద వారం వారం నిలబెట్టేటోళ్లం. బరువు తగ్గినప్పుడల్లా దయ్యం పోతాందని సంబురపడ్డం. చిన్నదాన్ని, నేనైతే చప్పట్లు కొట్టిన.”

సేటు చేతిలోని బెల్లం దిమ్మ చేతిలోనే ఉండిపోయింది. మౌనిక కాంట దిగి, తల్లి సంచిలోంచి డబ్బా తీసి రొట్టె తుంచింది.

ఖాళీ కాంట ముల్లు ఇంకా ఊగుతూనే ఉంది. అది ఆగేదాకా ప్రేమలత చూపు తిప్పుకోలేకపోయింది.