హోబర్ట్ కొట్టానికి నిప్పు

మొదటి దెబ్బ విట్లాక్ ముక్కు మీదే పడింది.

పంటను తలకిందులుగా వేలాడదీసే ఓక్ కర్ర అది. కొట్టింది డెబ్బై దాటిన ఒపాల్. ఎముక విరిగిన చప్పుడు బయట కారు దగ్గరున్న పోలీసు డెల్మర్‌కి కూడా వినిపించింది. రాజధాని నుంచి వచ్చిన హెంప్ ఇన్‌స్పెక్టరు ముఖం పట్టుకుని కొట్టం గుమ్మంలోనే కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి తెల్లచొక్కా తడిసిపోయింది.

అంతకు ముందు నడిచినవి మాటలే.

ఆ కెంటకీ కొండల్లో పొగాకు దెబ్బతిన్నాక హెంప్ వచ్చింది. గంజాయికి తోబుట్టువే గానీ మత్తు బాగా తక్కువ. దాని నూనెతో చుక్కల మందులూ జెల్లీ బిళ్ళలూ చేసి అమ్ముతారు. కంపెనీ తమ పొగాకు కొనకుండా వెనక్కి పంపేశాక, ఆ ఆకుని కొట్టంలోనే మూల పడేసి ఒపాల్, ఆమె మొగుడు హోబర్ట్ కూడా దీనికే మళ్ళారు. ఈ ఏడు పరీక్షలో మత్తు హద్దు దాటిందన్నారు. కోసి కొట్టంలో ఆరబెట్టిన పంటంతా అధికారి కళ్ళముందు కాల్చాలని ఆర్డరొచ్చింది. అది కాలితే ఆ ముసలివాళ్ళకి చలికాలం గడవదు.

"ఎవడో గడ్డి లారీవాడు దారికడ్డంగా పెట్టుకు కూచున్నాడు. వాడి వల్ల పొద్దంతా పోయింది" అని విసుక్కుంటూనే దిగాడు విట్లాక్.

"పోయినేడూ ఇదే విత్తనం వేశాం బాబూ" అంది ఒపాల్. "మా దగ్గర లైసెన్సు ఫీజు పుచ్చుకున్నారు. షాపులో ప్రతి సీసా మీదా పన్ను పుచ్చుకున్నారు. అప్పుడు కనబడని మత్తు ఇప్పుడెలా కనబడింది?"

"అప్పటి లెక్క వేరు, ఇప్పటి లెక్క వేరు. ప్రభుత్వం ముద్ర లేకుండా ఒక్క సీసా బయటికెళ్ళినా జైలే."

"లెక్క మీరు మార్చుకుంటే పంట మాది తగలెయ్యాలా?"

విట్లాక్ తలుపు తీసి ముందు వరసలోంచి ఒక రెమ్మ తుంచి, నలిపి వాసన చూశాడు. ఘాటుగా గుప్పుమంది.

"లోపలి వరసలు కూడా చూడాలి. తప్పుకో" అన్నాడు.

"ఇది మా మావగారు కట్టిన కొట్టం. అడుగుపెట్టకు."

"గంజాయి అమ్ముకుని బతికేదానివి, నీకో కొట్టం, దానికో మావగారు" అని నవ్వుతూ కాలు లోపల పెట్టాడు. కర్ర అప్పుడు లేచింది.

కూలినవాడు ఊరుకోలేదు. నడుముకున్న ఇనప టార్చి తీసి గుడ్డిగా విసిరాడు. అడ్డం వచ్చిన హోబర్ట్ మూతికి తగిలి రెండు పళ్ళు రాలాయి. మొగుడి నోట్లో రక్తం చూసేసరికి ఒపాల్‌కి ఒళ్ళు తెలియలేదు. మళ్ళీ ఒకటి వేసింది. విట్లాక్ కనుబొమ చిట్లి కన్ను మూసుకుపోయింది. వాడు నేల మీంచే హోబర్ట్ డొక్కలో బూటుతో తన్నాడు. డెల్మర్ పరుగున వచ్చి ఒపాల్‌ని నేలకి అదిమాడు. ఆమె అతని మణికట్టు కొరికింది.

"అత్తా, నేనే, డెల్మర్‌ని. వదులు."

"ఎవడివైతే నాకేంట్రా? నా చేత్తో అన్నం తిని వీడికి కాపలా కాస్తావా?"

చేతులకి బేడీలు వేసి ఆమెని కంచెకి కట్టేశాడు. విట్లాక్ ముక్కులో గుడ్డపీలికలు కుక్కుకుని లేచాడు. ఉన్న ఒంటికంటితో కొట్టం వైపు చూసి ఉమ్మాడు.

"ఇంక చూసేదేముంది? డీజిల్ తే."

తనే గుమ్మం మీద గుమ్మరించి తనే అగ్గి పెట్టాడు. ఎండిన చెక్క భగ్గున అంటుకుంది. హోబర్ట్ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, తండ్రి నిలబెట్టిన దూలాలు ఒక్కొక్కటే విరిగి పడుతుంటే బావురుమన్నాడు. విట్లాక్ అటు తిరిగైనా చూడలేదు.

"నాకేం తెలియడం లేదు" అన్నాడు ముక్కు మీద చెయ్యేసుకుని. "వాసన వస్తోందా?"

డెల్మర్ పొగ వైపు తిరిగి గట్టిగా గాలి పీల్చాడు. కంచె దగ్గరున్న ఒపాల్ వైపు చూశాడు. మణికట్టు మీది పంటిగాట్లు రుద్దుకున్నాడు.

"వస్తోంది సార్. తల దిమ్మెక్కిపోతోంది."

కప్పు కూలేదాకా నిలబడి, పంట నాశనమైందని రాసుకుని విట్లాక్ కారెక్కాడు.

"కేసు రాయమంటారా సార్?" అడిగాడు డెల్మర్. "డెబ్బై దాటిన ముసలావిడ కొడితే ఆసుపత్రి పాలయ్యారని రాయాల్సొస్తుంది."

"ఏం అక్కర్లేదు. నడు."

డెల్మర్ బేడీలు విప్పి, ఆమె మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగింది.

ఒపాల్ గౌను జేబులో ఫోను మోగింది. తమ్ముడు లెస్టర్.

"అక్కా, గడ్డి లారీ రాష్ట్రం దాటింది. మన సరుకంతా దింపేశాం."

ఫోను పెట్టేసి మొగుడి మూతి గౌను అంచుతో తుడిచింది.

"కొట్టం పోయిందే" అన్నాడు హోబర్ట్ ఎక్కిళ్ళ మధ్య. "అంత ముక్కు పగిలేలా కొట్టాలా?"

"ముక్కు కోసమేగా కర్ర తీసింది" అంది ఒపాల్.

గాలి నిండా పొగాకు వాసన.