మా చెల్లె వాడిన లాప్‌టాప్

"బ్యాటరీ ఎంతసేపు వస్తది?" భవిత అడగడం ఇది మూడోసారి.

"జెప్పిన గద చెల్లె, మస్తు వస్తది," అన్నాడు ఎల్లేష్.

"మస్తు అంటే ఎన్ని గంటలు?"

శామీర్‌పేట చౌరస్తాలోని చాయ్ హోటల్లో, బల్లకు ఇటు తండ్రీకూతుళ్లు, అటు ఎల్లేష్. మధ్యలో నల్లటి చిన్న లాప్‌టాప్. నెట్‌లో అమ్మకం ప్రకటన చూసి భవితే ఎల్లేష్‌కు ఫోన్ చేసి రప్పించింది.

తండ్రి సిద్దిరాములుకు పొద్దున్నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది. మేడ్చల్‌లో అతనిది కాలిన మోటర్లకు రాగి తీగ చుట్టే వైండింగ్ దుకాణం. రెండు బోరు మోటర్లు విప్పి పడేసి ఉన్నాయి. మడి ఎండిపోతోందని రైతులు దుకాణం ముందే కూర్చున్నారు. అలాంటి రోజున "హాస్టల్ల నా దోస్తు మరియాకు లాప్‌టాప్ కావాలె, నువ్వు తోడు రావాలె నాయినా" అంటూ కూతురు బండి తీయించింది. ఆ మరియా చేసిన గేమేదో పది రోజుల్లో కాలేజీలో చూపించాలట. "గా పిల్లకు నాయిన లేడా?" అని అడిగితే "జల్ది పోనియ్ నాయినా" అంది.

నిరుడు తన లాప్‌టాప్ కొనేముందు భవిత ఎనిమిది నెలలు దుకాణాలన్నీ తిరిగింది. జవహర్‌నగర్ దగ్గర ఇంజనీరింగ్ చదువు, గేములు తయారుచేసే పిచ్చి. పెద్ద లాప్‌టాప్‌లు ఎంత బరువైన గేమునైనా ఆడిస్తాయి. కానీ బ్యాటరీ గంటన్నరకే పడిపోతుంది, మోస్తే భుజం లాగేస్తుంది. సన్నవాటి బ్యాటరీ చాలాసేపు వస్తుంది, గేము పెడితే మాత్రం బొమ్మ కదలదు. హాస్టల్లో చూస్తే రోజూ గంటల తరబడి కరెంటు కోత.

"లోడ్ గుంజాలంటే కరెంటు తాగుడే బిడ్డా. మోటరైనా గంతే, నీ డబ్బా అయినా గంతే," అన్నాడు అప్పుడు సిద్దిరాములు. అయినా రెండూ కుదిరింది దొరికేదాకా ఆమె వదల్లేదు. దొరికాక నేరుగా హాస్టల్‌కే పట్టుకుపోయింది.

ఆ తెలివితోనే ఇప్పుడు ఇన్ని ప్రశ్నలు వేస్తోందని అతనికి అర్థమైంది. అడిగే తీరే నచ్చలేదు.

"గేములు ఆడించే కార్డు ఎట్ల బంద్ జేస్తరు?"

"బంద్ ఎందుకు జేస్తం?" అన్నాడు ఎల్లేష్.

"గేము ఆడనప్పుడు బంద్ జేస్తేనే ఆరు గంటలు నడుస్తది. లేకుంటే రెండు గంటలే. అమ్మనీకి వచ్చినవ్, గిది తెల్వదా?"

ఎల్లేష్ ముఖంలో నవ్వు తగ్గింది. "మా చెల్లె వాడింది. మొన్ననే పెండ్లి అయింది, అత్తగారింటికి పోయింది. గివన్ని నాకెట్ల ఎరుక?"

"ఏం గేము ఆడుతుండె మీ చెల్లె?"

"ఏమో, కార్ల గేమో ఏందో."

"మీ చెల్లె పేరేంది?"

సిద్దిరాములు బల్ల మీద చరిచాడు. "భవితా! పెండ్లయిన పిల్ల పేరు నీకెందుకే? సామాను చూడనీకొచ్చినవా, పంచాయితీ పెట్టనీకొచ్చినవా?" ఎల్లేష్ వైపు తిరిగాడు. "ఏమనుకోకు తమ్మీ. సదువు ఎక్కువైంది, మర్యాద తక్కువైంది."

"గంతే కాకా. మీ మొఖం జూసి ఊకుంటున్న."

భవిత దవడ బిగించింది. లాప్‌టాప్‌ను తిరగేసి మూల మీది గీతను గోటితో తడిమింది. ఒక పాత వస్తువు మీద ఇంత కోపమేమిటో, తోడు తెచ్చుకున్న తండ్రి పరువు ఇలా నలుగురిలో తీయడమేమిటో సిద్దిరాములుకు అంతుపట్టలేదు. బాగున్నది దొరికితే కొనుక్కోవాలి, లేకుంటే లేచిపోవాలి. బేరానికి వచ్చినవాణ్ని దొంగను నిలదీసినట్టు నిలదీయడం ఎక్కడి పద్ధతి?

మోటరును చూసినట్టే లాప్‌టాప్ కింది వైపు అరచెయ్యి ఆనించి చూశాడు. "సల్లగనే ఉంది. మంచి సామానే. తీసుకుంటె తీసుకో, లేకుంటె నడువ్. నా దుకాణం కాడ రైతులు కూసున్నరు."

"ఆన్ చెయ్," అంది భవిత, తండ్రి మాట విననట్టే.

ఎల్లేష్ మీట నొక్కాడు. తెర వెలిగి పాస్‌వర్డ్ అడిగింది.

"గిది మా చెల్లె పెట్టింది. ఆమెకే యాదికి లేదంట." సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "పరేషాన్ అవసరం లేదు. ఫార్మాట్ కొడ్త. లోపలున్నదంత అరగంటల సాఫ్. కొత్తదాని లెక్క అయితది."

"చెయ్యి తియ్!"

ఆ అరుపుకు హోటలంతా ఇటు తిరిగింది. గల్లా దగ్గరి మనిషి లేచి నిలబడ్డాడు. ఎల్లేష్ చేతిలో పెన్‌డ్రైవ్ అలాగే ఆగిపోయింది.

సిద్దిరాములుకు నెత్తురు తలకెక్కింది. కుర్చీ వెనక్కి తోసి కూతురి జబ్బ పట్టుకున్నాడు. "లెవ్వు! బజార్ల నా ఇజ్జత్ తీసినవ్. ఇగ మరియా లేదు, ఎవ్వరు లేరు. రేపటి సంది హాస్టల్ కూడ బంద్. ఇంట్ల కూసో!"

ఆమె లేవలేదు. "ఒక్క నిమిషం, నాయినా," అంది.

లాప్‌టాప్‌ను తన వైపు లాక్కుని, ఎవర్నీ ఏమీ అడక్కుండా టకటకా తొమ్మిది అక్షరాలు కొట్టింది. తెర తెరుచుకుంది, దాని నిండా పరుచుకున్న ఫొటోలో, రాగి తీగల చుట్టల మధ్య కూర్చుని సిద్దిరాములు పగలబడి నవ్వుతున్నాడు.