ఎడమ బాక్సు

"ఇంట్ల పాత ఆంప్లిఫైర్ ఉందంట గదమ్మా. ఒక దిక్కు మోగుతలేదంట."

గుమ్మం బయట నిలబడ్డ మనిషి ముఖానికి తువ్వాల చుట్టుకున్నాడు. కళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

లీలమ్మ తలుపు సగమే తెరిచి పట్టుకుంది.

మిట్టమధ్యాహ్నం. చిట్కుల్‌లో ఆ వరుస ఇళ్ల మగవాళ్లంతా షిఫ్టులో ఉన్నారు. ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలి భర్త సుందర్‌రాజు పోయిన ఈ ఐదు నెలలూ ఆమె ఒంటరిగానే ఉంటోంది.

"నీకెవరు చెప్పిన్రు?"

"ఎరుకైంది. జెర సూసి పోత."

పొమ్మనబోయి ఆగింది. క్యాసెట్ గుర్తొచ్చింది. చర్చి పాటలు సాధన చేస్తూ సుందర్‌రాజు రికార్డు చేసుకున్నది. కుడి స్పీకర్ బాక్సులోంచి హార్మోనియం, ఎడమ బాక్సులోంచి అతని గొంతు వచ్చేవి. ఇప్పుడు హార్మోనియం ఒక్కటే. వేరేవాళ్లింట్లో వేద్దామంటే, వాళ్ల టేప్‌రికార్డర్ ఆ క్యాసెట్‌ను నమిలేస్తుందేమోనని భయం.

తలుపు బార్లా తెరిచింది. గుప్పెట్లో కారప్పొడి పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

అతను లోపలికొచ్చి, ఒకసారి పాట పెట్టి చూసి, స్విచ్చి ఆపి, రెండు బాక్సుల వైర్లు అటుదిటు మార్చాడు. మళ్లీ పాట పెడితే ఎడమది మోగింది, కుడిది మూగబోయింది.

"బాక్సు మంచిగనే ఉన్నది. లోపల్నే ఖరాబైంది."

ఆంప్లిఫైర్ మూత విప్పి, పెన్సిల్‌తో బోర్డు మీద ఒక్కొక్కచోటే తట్టాడు. ఒకచోట తట్టగానే మూగ బాక్సు గరగరమంది.

"ఈడ అతికిన టాంకా ఊడింది."

ప్లగ్గు పీకాడు. ఆమె దగ్గరకొచ్చి చూద్దామని వంగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"దూరముండమ్మా. ప్లగ్గు తీసినా జెరసేపు లోపల కరెంటు ఉంటది."

ఆ చేతిని చూసి ఆమె వెనక్కి జరిగింది. చర్మం ముడుచుకుపోయి, మెరుస్తోంది. రెండు వేళ్లు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

ఏం చేసొచ్చాడో ఈ మనిషి, అనుకుంది.

అతను కాసేపు ఆగి, సీసం కరిగించి టాంకా వేసి, వైర్లు ఎప్పటిలా కలిపి పాట పెట్టాడు.

ఎడమ బాక్సులోంచి సుందర్‌రాజు గొంతు వచ్చింది.

ఆమె గోడ పట్టుకుంది. అతను తల వంచుకుని వింటున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారి తువ్వాల తడిసింది.

ముక్కూ మొహం తెలియనివాడు తన భర్త పాటకు ఎందుకేడుస్తాడు? ఆమె కారప్పొడి ఉన్న గుప్పెట బిగించింది.

"అయింది గద. ఇగ పో."

అతను పనిముట్ల సంచి తీసుకుని బయటికి నడిచాడు. ఆమె గడియ పెట్టుకుంది. మంచినీళ్లయినా ఇవ్వలేదు.

పదిహేను రోజులకు, సుందర్‌రాజుతో పనిచేసిన యాదన్న వచ్చాడు. బాక్సులు రెండూ మోగడం విని ఎవరు చేశారని అడిగాడు. తువ్వాల చుట్టుకున్న మనిషి గురించి, ఆ చేతి గురించి ఆమె చెప్పింది.

యాదన్న ఎడమ బాక్సు మీద చెయ్యి పెట్టాడు.

"ఆయన ఓదెలు, వదినా. ఆదివారం వచ్చి బాగుచేస్తనని అన్న బతికున్నప్పుడే మాటిచ్చిండు. పదిహేను దినాల కింద ఒక్కపూట సెలవడిగి దవాఖాన నుంచి వచ్చినట్టున్నడు. మల్ల మంచం మీదికెళ్లి లేవలే. నిన్ననే మట్టి చేసినం."

"ఎవరాయన?"

"రియాక్టర్ పేలిన దినం మంటల్లకు ఉరికి, అన్నను భుజాన ఏసుకొని బయటికి తెచ్చింది ఆయననే."