రోజుకో పేరు

"రోజూ పొద్దున్నే ఆయన చేత ఈ నోట్‌బుక్‌లో పేరు రాయించండి. అక్షరాలు వంకర్లు పోతే పాడైన కాలేయం వడకట్టలేని విషం మెదడుకెక్కుతున్నట్టే. వెంటనే తీసుకొచ్చేయండి," అని చెప్పింది డాక్టరమ్మ. కొత్త కాలేయం దొరికేదాకా అదే మాకు కాపలా.

మా ఆయన నవ్వారు. "ఊళ్లో సగం కొట్ల బోర్డులు రాసిన చెయ్యి ఇది. దీనికి పరీక్షా? ఆ ఆసుపత్రి మంచం మాత్రం మళ్ళీ ఎక్కించకే."

నేను ఉప్పులేని జావ కాచి తెచ్చేసరికి పేరు రాసి ఉంచేవారు. కింద తారీఖు నేను వేసేదాన్ని. నాలుగు నెలలుగా అచ్చుగుద్దినట్టు అవే అక్షరాలు. అవి చూశాకే నాకు ముద్ద దిగేది.

ఇవాళ జావ తెస్తే, చెంచా తలకిందులుగా పట్టుకున్నారు. నన్ను చూసి, "ఎవరమ్మా నువ్వు?" అన్నారు.

పేజీలో పేరు మాత్రం ముత్యాల్లా ఉంది.

కంగారుగా డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"చేతిరాత ఎప్పట్నుంచి మారిందమ్మా?"

చెబుదామని పేజీలు తిప్పాను. నేనింకా తారీఖు వెయ్యని రేపటి పేజీలోనూ పేరుంది. ఎల్లుండి పేజీలోనూ ఉంది. చివరి పేజీ దాకా ఒకే సిరా, ఒకే పేరు. ఒక్క అక్షరమూ వణకలేదు.