రెండు లోహాలు, ఒక సుశీల

"పిల్ల ఎవరినంటే వాళ్లకే ఇస్తం సారూ. మాకు ఇద్దరూ ఒక్కటే," అంది దీనమ్మ, వాకిట్లో పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూ.

డెబ్బై తొమ్మిది నాటి మాట. కాశిబుగ్గలో వాళ్లింటి అరుగు మీద కూర్చున్నాను. ఆదివారం, అప్పుడే చర్చి వదిలారు. ఎదురుగా దీనమ్మ కూతురు సుశీల. ఆమెకు రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి జయరాజు, కరెంటు లైన్‌మన్. రెండోది నేను. కృపానందం, ఎం.ఎస్సీ., హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. ఆ ఎం.ఎస్సీ. తగిలించకుండా నేను ఎక్కడా మంచినీళ్లు కూడా అడగను.

నాకు ముప్పై ఆరేళ్లు. జుట్టు వెనక్కి పోతోంది, పొట్ట ముందుకొస్తోంది. అప్పటికే చాలామంది అమ్మాయిలు నన్ను చూసి, ఫలహారం పెట్టి, మర్యాదగా పంపించేశారు. కానీ సుశీల వేరు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే ఆ తర్వాత పాస్టరుగారి ప్రసంగం ఒక్క ముక్క నా బుర్రకెక్కేది కాదు. ఈ పిల్ల కాదంటే ఇక పెళ్లే వద్దనుకున్నాను.

అంత ప్రేమ ఉన్నవాడు "నన్ను చేసుకుంటారా?" అని అడగాలి కదా! నాకు నోరు పెగలదు. క్లాసులో గంటసేపు ఆగకుండా వాగే నోరే అది.

చేసేదిలేక పాఠంలోకి దిగాను. నాకు వచ్చింది అదొక్కటే.

"సుశీల గారూ, రెండు లోహాలున్నాయనుకోండి. పేర్లు చెప్పను."

"పరీక్షనా సార్?"

"పరీక్ష నాకే. వినండి. మొదటిది బరువు. విలువ ఎక్కువ. కరెంటు దాంట్లోంచి పోయినంత బాగా ఇంకే లోహంలోంచీ పోదు. అయినా దాన్ని స్తంభాలకు కట్టరు. బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పట్టించుకోకపోతే మొహం నల్లబడుతుంది. కాస్త తుడిస్తే చాలు, మళ్లీ తళతళలాడుతుంది."

మీకు అర్థమయ్యే ఉంటుంది. వెండి అంటే నేనే. బరువు సంగతి నన్ను చూసినవాళ్లెవరూ కాదనరు. ఇన్నేళ్లుగా ఎవరికీ పనికిరాకుండా బీరువాలో పడి ఉన్న మాట కూడా నిజమే.

"రెండోది తేలిక. చవక. ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కరెంటు తీగలు దాంతోనే, విమానాల రెక్కలూ దాంతోనే. లాగితే సాగుతుంది, వంచితే వంగుతుంది. ఎండావానలకు తుప్పు పట్టదు. పైన సన్నటి పొర ఏర్పడి దాన్ని కాపాడుతుంది."

అల్యూమినియం అంటే జయరాజు. ఆ తీగలు లాగుతూ ములుగు దాకా స్తంభాలెక్కి తిరిగే మనిషి. పోల్చడంలో నేను అన్యాయం చేయలేదు. 'చవక' అన్న మాట మాత్రం కాస్త గట్టిగా పలికాను.

సుశీల నవ్వింది. "ఇది మనుషుల ముచ్చటేనా సార్?"

"మనుషుల ముచ్చటే."

"ఏదేందో సమజైంది సార్."

"మరి మీకు ఏది ఇష్టం?" అడిగేశాను.

ఆమె తల వంచుకుంది. మెల్లగా అంది.

"నాకైతే సిల్వరే సార్."

దేవా! నా చెవులను నేను నమ్మలేదు. "ఇంకోసారి చెప్పండి," అన్నాను.

"సిల్వరే. దానితోని ఏం భయం లేదు సార్. జర జల్దీ వేడెక్కుతది గానీ, అంతే జల్దీ సల్లారుతది. కిందపడి సొట్టపోయినా ఇడిసిపెట్టబుద్ధి కాదు."

ఉష్ణవాహకత! వేడిని మోయడంలో వెండిని మించిన లోహం లేదన్న సంగతి ఎం.ఎస్సీ. వాళ్లకే సరిగ్గా గుర్తుండదు. ఏడో తరగతి చదివిన ఈ పిల్ల ఎట్లా పట్టుకుంది! క్లాసులో నా కోపం గురించి కూడా ఎవరో చెప్పినట్టున్నారు. ఇక సొట్ట అంటే నా ముక్కే. హాస్టల్ మెట్ల మీద పడ్డప్పటిది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊహ తెలిసినప్పటి నుంచి మెస్సుల్లో తిని, వంటిల్లు ఎట్లా ఉంటుందో ఎరుగని నాకు ఒక ఇల్లు దొరుకుతోంది.

అప్పుడే జయరాజు వాకిట్లో సైకిలు దిగాడు. జవాబు కోసం అతన్నీ రమ్మన్నారట. సుశీల చటుక్కున లేచి లోపలికి వెళ్లిపోయింది. పాపం, అతని మొహం చూడలేకపోయింది అనుకున్నాను.

నాకు జాలి పొంగుకొచ్చింది. గెలిచినవాడికి జాలికేం కొదవ! లేచి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాను.

"ఫికర్ చెయ్యకు తమ్మీ. సుశీల తన మనసులో మాట నాతోని చెప్పింది. గుండె రాయి చేసుకో. నీకేం తక్కువ? మంచి పిల్ల దొరుకుతది."

జయరాజు మొహం పాలిపోయింది. సైకిలు గోడకు ఆనించాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు మంచోళ్లు సార్. ఆమె సుఖంగ ఉంటే సాలు," అన్నాడు.

అంత మంచివాణ్ణి చవక అన్నందుకు నాకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

"నిలబడి మాట్లాడుడేంది? ఇద్దరూ కూసోండ్రి, చాయ తాగి పోదురు," అంది దీనమ్మ. ఇంట్లోకి తిరిగి కేకేసింది. "బిడ్డా సుశీలా, చాయ పెడ్త, ఆ సిల్వర్ గిన్నె తీస్కరా!"

వెండి గిన్నెలో చాయ! కాబోయే అల్లుడికి ఎంత మర్యాద అనుకుంటూ చొక్కా కాలరు సర్దుకున్నాను.

సుశీల తెచ్చి పొయ్యి మీద పెట్టిన సిల్వర్ గిన్నె, నూటికి నూరుపాళ్లూ అల్యూమినియం.