బలం మాత్ర

గౌసియాబీ కోడలి అరచేతిలో నీలం మాత్ర పెట్టి, నీళ్ళ గ్లాసు అందించింది.

"మింగు మ్మే. నా ఎదురుగానే మింగు."

"రోజూ ఎందుకత్తా?" అడిగింది తస్లీమా.

"బలానికి. రక్తం లేకుండా ఎట్టా పాలిపోయి ఉండావో చూసుకో."

పెళ్ళయి ఏడాదిన్నర. నికాహ్ మర్నాటి నుంచి ఈ తంతు ఒక్క రోజు తప్పలేదు. మాత్రలు బీరువాలో ఉంటాయి. బీరువా తాళం అత్త బొడ్లో ఉంటుంది. నెలకోసారి గౌసియాబీ బురఖా వేసుకుని ఒక్కతే నెల్లూరు బస్సెక్కుతుంది. ఎక్కడికంటే కళ్ళ డాక్టరు దగ్గరికంటుంది. ఆమె కళ్ళజోడు మాత్రం ఇంతవరకూ మారలేదు.

భర్త జిలానీ సొంత లారీలో చెన్నైకి, కలకత్తాకి రొయ్యలు తోలుతాడు. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ భార్యను అపురూపంగా చూసుకుంటాడు. మాత్రల మాటెత్తితే మాత్రం చూపు తిప్పుకుంటాడు. "అమ్మ ఏం చేసినా మన మంచికేలే" అంటాడు.

ఒకరోజు లారీ డ్రైవర్ల ఇళ్ళు తిరుగుతూ ఆరోగ్య కార్యకర్త వనజాక్షి ఆ వీధికి వచ్చింది. పక్కింటి ముంతాజ్ వసారాలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, గొంతు తగ్గించి ఎయిడ్స్ సంగతి చెప్పింది. సంచిలోంచి తొడుగులు తీసింది. అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మగోళ్ళు ఇవి ఒద్దంటే ఇంకా దారులుండాయి తల్లీ..."

గౌసియాబీ దిగ్గున లేచింది.

"ఐదు పూటలా నమాజు చేసే ఇళ్ళమ్మా ఇయ్యి. నీ దారులన్నీ రోడ్డు పక్క ఢాబాల్లో చెప్పుకో, పో!"

మిగతావాళ్ళూ ఆమెకే వంత పాడారు. వనజాక్షి సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ వీధి ముఖం చూడలేదు.

ఇళ్ళకు వెళ్ళేటప్పుడు ముంతాజ్ తస్లీమా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ అత్త రోజూ మాత్ర మింగిస్తదంటివే, అది బలానికని నమ్ముతుండావా? పిల్లలు పుట్టకుండా రోజుకొకటి మింగే మాత్రలుండాయి, తెలవదా?"

"ఆమెకు మనవడు ఒద్దా అక్కా?"

"నీ కడుపున ఒద్దేమో. గొడ్రాలని పేరు పెట్టి ఇంకోదాన్ని తెచ్చుకుంటే అడిగేదెవురు? అమ్మా అబ్బా లేని పిల్లవి."

ఆ మాట తస్లీమా గుండెలో ముల్లులా దిగింది. నిజమే. మేనమామ ఇంట్లో ఎంగిలి గిన్నెలు కడుగుతూ పెరిగిన తనను, సొంత లారీ ఉన్నవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఎందుకు చేసుకున్నట్టు?

ఆ ఏడాది రొట్టెల పండగకు గౌసియాబీ కోడల్ని నెల్లూరు తీసుకెళ్ళింది. చెరువు నీళ్ళలో నిలబెట్టి, బిడ్డను చంకనేసుకున్న ఎవరో తల్లి చేతి నుంచి సంతాన రొట్టె ఇప్పించింది. తానే ముక్క తుంచి నోట్లో పెట్టింది. అత్త కళ్ళల్లో నీళ్ళు చూసి తస్లీమాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున మాత్ర మింగించిన చేత్తోనే సాయంత్రం రొట్టె!

మర్నాటి నుంచి మాత్రను నాలుక కింద దాచడం నేర్చుకుంది. అత్త అటు తిరగ్గానే ఉమ్మేసి, ఆరబెట్టి, రుమాల్లో మూట కట్టేది. ఎప్పటికైనా నలుగురిలో పెట్టి కడిగెయ్యాలి.

నాలుగు నెలలు తిరక్కముందే నెల తప్పింది. ఇక అనుమానం లేదు. ఈ ముసలిదానికి తన మీద ఎంత పగ!

గౌసియాబీ మలైకాజాలు తెప్పించి వీధంతా పంచింది. కోడల్ని బిందె ముట్టనివ్వలేదు. మాత్ర మాత్రం ఆపలేదు. "ఇప్పుడింకా ముఖ్యం మ్మే" అంది. కడుపు పోగొట్టడానికేననుకుని తస్లీమా ఇంకా జాగ్రత్తగా ఉమ్మేసేది.

మొదటి పరీక్షకు వెళితే నర్సు రక్తం తీసుకుంది. రెండో రోజు ఫోను చేసింది. "ఇంకోసారి రక్తం తియ్యాలమ్మా. మీ ఆయన్ని కూడా వెంటబెట్టుకుని రా." ఆ గొంతులో ఏదో తేడా ఉంది. అత్త పెట్టిన విషం రక్తంలో బయటపడిందనుకుంది తస్లీమా.

ఇక ఆగలేకపోయింది. ముంతాజ్‌నూ, వీధిలో ఆడవాళ్ళనూ పిలిచి, అందరి ముందూ మూట విప్పి అత్త ఒళ్ళో కుమ్మరించింది. నీలం మాత్రలు జలజలా రాలాయి.

"ఇదిగో నీ బలం! నాలుగు నెలలుగా ఒక్కటి మింగితే ఒట్టు. అందుకే నా కడుపు పండింది. నన్ను గొడ్రాల్ని చెయ్యాలనుకుంటివే, అల్లా చూసినాడత్తా!"

"అట్టా అడుగు" అంది ముంతాజ్.

గౌసియాబీ తిట్టలేదు. లేవలేదు. చుట్టూ ఎవరున్నారో కూడా మరిచిపోయి, కోడలి పొట్ట వైపే చూస్తూ అంది.

"నా కొడుకు ఎయిడ్స్ నీకంటకుండా ఉండాలని గదమ్మా, ఇన్నాళ్ళూ మింగిస్తా వచ్చింది!"